డబ్బు కోసం కాదు కదా... మరి అడగక్కర్లేదా?



శ్రీరామనవమి ముందు రోజు రాత్రి మనలో చాలామంది ఫోన్లలో ఒకే పని నడుస్తుంటుంది. గూగుల్‌లో "శ్రీరామ పట్టాభిషేకం హెచ్‌డీ" అని వెతుకుతాం. పేజీల కొద్దీ బొమ్మలు వస్తాయి. నచ్చినదాని మీద వేలు నొక్కిపట్టి సేవ్ చేసుకుంటాం. పైన "శుభాకాంక్షలు" అని రాసి, కింద మన పేరో, అపార్ట్‌మెంట్ భక్త బృందం పేరో వేసి స్టేటస్ పెడతాం. ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్ళు పది బొమ్మలు పేర్చి, వెనకాల ఒక కీర్తన పెట్టి రీల్ చేసేస్తారు. ఎక్కడా ఒక్క రూపాయి చేతులు మారదు. అంతా భక్తే.

మరి ఇందులో తప్పేమైనా ఉందా? ఈ ఛానల్‌కి వీడియోలు తయారుచేసేవాడిగా నాకు ఈ ప్రశ్న దాదాపు ప్రతి వారం ఎదురవుతుంది. ఒక్క కథ చెప్పాలన్నా ముప్ఫై నలభై బొమ్మలు కావాలి. మీలో కూడా చాలామంది సొంతంగా భక్తి రీల్స్, షార్ట్స్ చేస్తున్నారు. అందుకే ఈసారి పురాణ కథతో పాటు ఈ విషయం కూడా కూర్చుని ఆలోచిద్దాం.

మామూలుగా మనం చెప్పుకునే సమాధానాలు మూడు. ఒకటి, దేవుడు అందరివాడు, ఆయన బొమ్మకి ఓనర్ ఎవరు? రెండు, మేం దీంతో సంపాదించట్లేదు. మూడు, కాపీ చేస్తే అసలు బొమ్మ ఎక్కడికీ పోదు, ఎవరికీ నష్టం లేదు. మూడూ బలమైన మాటలే, కొట్టిపారేయలేం. కానీ ఈ మూడు మాటలూ చెప్పుకోగలిగిన పరిస్థితిలో ఉండి కూడా, చెప్పుకోని ఒకాయన కథ మన మహాభారతంలోనే ఉంది.

లిఖితుడు తిన్న పళ్ళు

శాంతిపర్వంలో వస్తుందీ కథ. యుద్ధం అయిపోయాక, రాజ్యం వద్దు, అడవికి పోతానంటున్న ధర్మరాజుకి వ్యాసుడు చెబుతాడు.

శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. ఇద్దరూ గొప్ప తపస్వులు. బాహుదా నది ఒడ్డున ఎవరి ఆశ్రమం వాళ్ళది. ఒకరోజు తమ్ముడు లిఖితుడు అన్న ఆశ్రమానికి వెళ్ళాడు. అన్న లేడు. చెట్ల నిండా బాగా పండిన పళ్ళు. కోసుకుని నిదానంగా తింటూ కూర్చున్నాడు. ఇంతలో శంఖుడు వచ్చి, "ఈ పళ్ళు ఎక్కడివిరా?" అని అడిగాడు. లిఖితుడు లేచి, నవ్వుతూ నమస్కారం పెట్టి, "ఇక్కడివే అన్నయ్యా" అన్నాడు.

శంఖుడికి కోపం వచ్చింది. "అడక్కుండా తీసుకున్నావు కాబట్టి ఇది దొంగతనం. రాజు దగ్గరికి వెళ్ళి, చేసింది చెప్పి, శిక్ష వేయమని అడుగు" అన్నాడు.

లిఖితుడు ఎదురు మాట్లాడలేదు. సుద్యుమ్న మహారాజు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. అంత తపస్విని శిక్షించడానికి రాజుకి మనసొప్పలేదు. "శిక్ష వేసే అధికారం నాకుందంటే వదిలేసే అధికారం కూడా ఉన్నట్టే. మీరు పవిత్రులు, వేరే ఏదైనా అడగండి" అన్నాడు. లిఖితుడు ఒప్పుకోలేదు. ఆనాటి ధర్మం ప్రకారం రాజు ఆయన చేతులు తెగ్గొట్టించాడు. లిఖితుడు అలాగే అన్న దగ్గరికి తిరిగొచ్చాడు. "నాకు నీ మీద కోపం లేదు, నది దగ్గరికి వెళ్ళి తర్పణం విడువు" అన్నాడు శంఖుడు. బాహుదలో మునగగానే లిఖితుడి చేతులు మళ్ళీ వచ్చాయి.

ఆ శిక్ష వింటే ఒళ్ళు జలదరిస్తుంది. దాన్ని ఆ కాలానికి వదిలేద్దాం. నన్ను ఆపేది లిఖితుడి పరిస్థితి. ఆయన ఆ పళ్ళు అమ్ముకోలేదు. బుట్ట నింపుకుని పోలేదు. దాచుకుని తినలేదు, అడిగితే నవ్వుతూ చెప్పాడు. చెట్ల యజమాని పరాయివాడు కాదు, సొంత అన్న. అడిగితే కచ్చితంగా ఇచ్చేవాడే. మనం చెప్పుకునే సాకులన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. అయినా శంఖుడు ఆ పనికి పెట్టిన పేరు మారలేదు.

ఇంకో చిన్న విషయం గమనించండి. "పళ్ళు ఎక్కడివి" అంటే "ఇక్కడివే" అన్నాడు. ఎక్కడ దొరికాయో చెప్పాడు గానీ, ఎవరివో చెప్పలేదు. ఇవాళ మన వీడియోల కింద "ఇమేజ్ కర్టసీ: గూగుల్" అని రాయడం కూడా అలాంటిదే. గూగుల్ ఏ బొమ్మా గీయలేదు, దారి చూపించింది అంతే. పెళ్ళి భోజనం తినొచ్చి, దింపిన ఆటోకి దణ్ణం పెట్టినట్టుంటుంది ఆ మాట.

ఆశ లేకపోవడం వేరు, అడగడం వేరు

పతంజలి యోగసూత్రాల్లో యమాలు ఐదు చెప్పారు: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. ఇందులో అస్తేయం అంటే మనది కానిది తీసుకోకపోవడం. అపరిగ్రహం అంటే అవసరానికి మించి పోగేసుకోకపోవడం, ఆశ లేకపోవడం. ఈ రెండూ ఒకటే అయితే రెండుసార్లు చెప్పాల్సిన పని లేదు. ఆశ లేనివాడు కూడా అడక్కుండా తీసుకోవచ్చు, లిఖితుడిలాగా. "మేం డబ్బు కోసం చేయట్లేదు" అన్నప్పుడు మనం అపరిగ్రహం గురించి మాట్లాడుతున్నాం. మంచిదే. కానీ అస్తేయం గురించిన ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఆశ్చర్యం ఏమిటంటే, మన దేశ చట్టం కూడా ఈ రెండింటినీ విడివిడిగానే చూస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణం నుంచే దానికి హక్కు ఉంటుంది. రిజిస్టర్ చేయించక్కర్లేదు, మూలన చిన్న సీ గుర్తు వేయక్కర్లేదు. 52వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇస్తుంది. సొంత వాడకం, పరిశోధన, విమర్శ, వార్తలు చెప్పడం లాంటివాటికి న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. అందులో "డబ్బు తీసుకోకపోతే చాలు" అనే సాధారణ మినహాయింపు ఎక్కడా లేదు.

డబ్బు మాట 63వ సెక్షన్‌లో వస్తుంది. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా అని చెప్పి, వ్యాపార లాభం కోసం చేసింది కాకపోతే, తగిన ప్రత్యేక కారణాలు రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు అంటుంది. అంటే లాభం లేకపోవడం శిక్షని తగ్గించగలదు గానీ, చేసిన పని పేరుని మార్చలేదు. సుద్యుమ్నుడి సభలో జరిగింది ఇదే కదా! రాజు వదిలేస్తానన్నాడు. చేసింది దొంగతనం కాదని మాత్రం అనలేదు.

"మాది మతపరమైన కార్యక్రమం, మినహాయింపు ఉంటుంది" అని కొందరంటారు. కొంచెం నిజం ఉంది. నిజమైన మతపరమైన వేడుకలో పాట పాడినా, రికార్డు వేసినా హక్కుల ఉల్లంఘన కాదని అదే 52వ సెక్షన్ చెబుతుంది. పెళ్ళి ఊరేగింపులు కూడా అందులోకే వస్తాయి. కానీ ఆ మినహాయింపు సాహిత్యానికి, నాటకానికి, సంగీతానికి, అదీ వేడుక జరిగే చోటికి. చిత్రాల మాట అందులో లేదు. యూట్యూబ్‌లో ఏడాది పొడవునా ఉండిపోయే వీడియోని వేడుక అనడం కూడా కష్టం. పైగా మన ఛానల్‌కి మానిటైజేషన్ లేకపోయినా, యూట్యూబ్ తన లెక్కలో దాని మీద యాడ్స్ వేసుకోవచ్చు. మనం సంపాదించకపోవడానికీ, ఎవరూ సంపాదించకపోవడానికీ తేడా ఉంది.

దేవుడు అందరివాడే, మరి ఆ రూపం గీసిన చెయ్యి?

మొదటి మాటకి వద్దాం. రాముడికి కాపీరైట్ లేదు. ఉండదు కూడా. రాముణ్ణి ఎవరైనా గీయొచ్చు, పాడొచ్చు, తలుచుకోవచ్చు. కానీ మనం సేవ్ చేసుకున్నది రాముణ్ణి కాదు, రాముణ్ణి ఒక మనిషి చూసిన తీరుని.

బాపు గారి రాముణ్ణే తీసుకోండి. ఆ సన్నటి గీత, పొడుగాటి కళ్ళు చూడగానే పేరు చూడకుండానే గుర్తుపడతాం. ఆ రూపం వాల్మీకి వర్ణనలోంచి దానంతటదే రాలేదు, ఒకాయన జీవితమంతా గీస్తే వచ్చింది. బాపు గారు 2014లో వెళ్ళిపోయారు. మన చట్టంలో హక్కు చిత్రకారుడు పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. అంటే ఆయన బొమ్మల మీద హక్కు, అది వారసులదైనా ప్రచురణకర్తదైనా, 2074 చివరి దాకా ఉంటుంది. చందమామ అట్టల మీద దేవతల్ని కళ్ళకు కట్టిన వడ్డాది పాపయ్య గారు 1992లో పోయారు. ఆయన బొమ్మలకి 2052 చివరి దాకా. మన ఇళ్ళల్లో లక్ష్మికి, సరస్వతికి రూపం ఇచ్చిన రాజా రవివర్మ 1906లోనే పోయారు కాబట్టి, ఆయన చిత్రాలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. వాటిని నిశ్చింతగా వాడుకోవచ్చు.

గుళ్ళ ఫోటోల సంగతి కూడా అంతే. రామప్ప గుడి 1213 నాటిది. అక్కడి శిల్పాల మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ ఎండ సరిగ్గా ఆ రాతి మీద పడే క్షణం కోసం తెల్లవారుజామున వెళ్ళి కాచుకుని ఒకరు ఫోటో తీశారంటే, ఆ ఫోటో వాళ్ళది. శిల్పం మనందరిదీ అయినంత మాత్రాన ఆ ఉదయం మనది అయిపోదు.

కాపీ చేస్తే పోయేదేముంది?

ఇది మూడింటిలోకీ గట్టి ప్రశ్న. పండు తింటే పండు అయిపోతుంది. బొమ్మ అలా కాదు, లక్షమంది సేవ్ చేసుకున్నా అసలు అలాగే ఉంటుంది. మరి నష్టం ఎవరికి?

దీనికి సమాధానం మన సంగీతంలో దొరుకుతుంది. త్యాగరాజస్వామి కీర్తన చివర్లో "త్యాగరాజ" అని ముద్ర వస్తుంది. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు కనిపిస్తాడు. ముద్ర చూసి ఇది ఫలానా వారిదని పోల్చుకుంటాం. ఈ పాటల్ని రెండు మూడు వందల ఏళ్ళుగా ఎంతమంది పాడారో లెక్కే లేదు. ఎవరికీ డబ్బు కట్టలేదు. అయినా ముద్ర ఉన్న చరణం కోసేసి పాడటం మర్యాద కాదని పాడేవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. "మన సంప్రదాయంలో ఈ కాపీరైట్ గొడవలు లేవు" అంటుంటాం. హక్కుల కాగితాలు లేకపోవచ్చు. పేరు నిలబెట్టే పద్ధతి మాత్రం గట్టిగానే ఉంది.

ఇప్పుడు బొమ్మల దగ్గర ఏం చేస్తున్నామో చూడండి. చిత్రకారుడి సంతకం సాధారణంగా కింద మూలన ఉంటుంది. షార్ట్స్ కోసం నిలువుగా కట్ చేస్తే మొట్టమొదట పోయేది అదే. వాటర్‌మార్క్ ఉంటే దాన్ని చెరపడానికి యాప్‌లు వచ్చాయి. చెరిపిన చోట మన ఛానల్ లోగో పెడతాం. అంటే ముద్ర తీసేసి, మన ముద్ర వేశామన్నమాట. ఇక్కడ పోయింది బొమ్మ కాదు, "ఇది నేను గీశాను" అని చెప్పుకునే అవకాశం. చిత్రకారుడికి తర్వాతి పని తెచ్చిపెట్టేది ఆ పేరే. దాన్ని మనం ఉచితంగా తీసుకోలేదు, ఆయనకి ఖర్చు పెట్టించి తీసుకున్నాం.

పేరుతో పాటు ఇంకొకటి కూడా పోతుంది. కార్ల వెనక అద్దాల మీద కాషాయం, నలుపు రంగుల్లో సగం ముఖం కనిపించే హనుమంతుడు గుర్తున్నాడు కదా? అది గీసింది కేరళ, కాసరగోడ్ జిల్లా కుంబళకి చెందిన కరణ్ ఆచార్య. 2015లో ఊళ్ళో కుర్రాళ్ళు జెండా కోసం అడిగితే చేసిచ్చారు. అక్కడి నుంచి దేశమంతా పాకింది. స్టిక్కర్లయింది, టీషర్టులయింది. కొన్నవాళ్ళలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? దానికి "యాంగ్రీ హనుమాన్" అనే పేరు కూడా జనం పెట్టిందే. తన హనుమంతుడిలో ఉన్నది కోపం కాదు, ఠీవి అని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. బొమ్మ చేయి దాటితే దాని అర్థం కూడా చేయి దాటిపోతుంది. మన చట్టంలో 57వ సెక్షన్ ఉన్నది ఇందుకే. హక్కులు అమ్మేసుకున్నాక కూడా, ఇది నాదని చెప్పుకునే హక్కు, తన గౌరవం దెబ్బతినేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కళాకారుడికి ఉంటాయి. విజ్ఞాన్ భవన్‌లో తన కుడ్యశిల్పాన్ని ఊడదీసి పాడుచేశారని అమర్‌నాథ్ సెహగల్ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2005లో ఆయన వైపే తీర్పు ఇచ్చింది. మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగిచ్చి, 5 లక్షలు పరిహారం కట్టమని ప్రభుత్వాన్నే ఆదేశించింది.

మరి భక్తి ఎలా పంచుకోవాలి?

ఇంత లెక్క చూస్తే ఇక ఎవరూ దేవుడి బొమ్మ ముట్టుకోలేరేమో అనిపించొచ్చు. అలా అక్కర్లేదు. క్యాలెండర్‌లో వెంకటేశ్వరస్వామి బొమ్మని కత్తిరించి అమ్మమ్మ పూజగదిలో ఫ్రేమ్ కట్టించుకుంటే అది అక్షరాలా ఆవిడ సొంతం. ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకోవడం, అమ్మకి వాట్సాప్‌లో పంపడం ఇంటి పనులే. వాటి జోలికి ఎవరూ రారు, రాకూడదు కూడా. మన పేరో లోగోనో వేసి ఊరందరి ముందు పెట్టినప్పుడే లెక్క మారుతుంది. పదిమంది చూడాలని కోరుకుంటున్నప్పుడు, ఆ పదిమందికీ గీసినవాళ్ళెవరో చెప్పాల్సిన బాధ్యత కూడా మనదే.

మా పద్ధతి చెబుతాను, నచ్చితే మీరూ పాటించండి. ముందు పాతవి చూస్తాం. రవివర్మ చిత్రాలు, పహాడీ చిత్రకారుల రామాయణ, భాగవత చిత్రాలు ఉన్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన దగ్గరున్న పాత కళాఖండాల ఫోటోలు లక్షల్లో అందరికీ వదిలేసింది. అందులో మన కృష్ణుడూ ఉన్నాడు, రాముడూ ఉన్నాడు. తర్వాత వికీమీడియా కామన్స్. అక్కడ ప్రతి ఫోటో కింద ఎవరు తీశారో, ఏ షరతు మీద ఇచ్చారో ఉంటుంది. చాలావాటికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు కనిపిస్తాయి. ఆ లైసెన్సులు మొత్తం ఆరు. కొన్ని వ్యాపారానికి వద్దంటాయి, కొన్ని మార్చొద్దంటాయి. ఆరింటికీ ఉమ్మడిగా ఉన్న షరతు ఒక్కటే, పేరు చెప్పమని. డబ్బు వద్దన్నవాళ్ళు కూడా పేరు మాత్రం అడిగారు.

ఇప్పటి చిత్రకారుడి బొమ్మ నచ్చితే మెసేజ్ పెడతాం. "మీ నరసింహస్వామి చిత్రం మా వీడియోలో ఇన్ని సెకన్లు చూపించాలనుకుంటున్నాం, ఫలానా విధంగా మీ పేరు వేస్తాం, మీకు సమ్మతమేనా?" అని నాలుగు ముక్కలు. ఒప్పుకుంటే, బొమ్మ తెర మీద ఉన్నంతసేపూ పేరు కూడా ఉంటుంది, ఎక్కడో డిస్క్రిప్షన్ అడుగున కాదు. వద్దంటే వాడం. జవాబు రాకపోయినా వాడం. మౌనం అర్ధాంగీకారం అనే మాట ఇక్కడ చెల్లదు. అన్న ఆశ్రమంలో లేకపోవడం కూడా మౌనమే కదా! ఇక అసలు ఎవరు గీశారో దొరకని బొమ్మలుంటాయి. ఎంత అందంగా ఉన్నా వాటిని వదిలేస్తాం. ఆ చోట తెర మీద ఒక దీపం పెట్టి కథ చెప్పినా వినేవాళ్ళు వింటారు.

మన కాలనీల్లో తెల్లవారుజామున ఒక దృశ్యం కనిపిస్తుంటుంది. వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు చేతిలో కవరు పట్టుకుని, పక్కింటి గోడ మీదుగా వంగి మందారాలు, నందివర్ధనాలు కోస్తుంటారు. అమ్ముకోవడానికి కాదు, పూజకే. అలా కోసిన పూలతో పూజ చేస్తే ఫలం చెట్టు పెంచినవాళ్ళకే పోతుందని పెద్దవాళ్ళు అంటారు. నాకు ఆ మాటలో శాపం కనిపించదు, న్యాయం కనిపిస్తుంది. నీళ్ళు పోసినవాళ్ళని లెక్కలోంచి తీసేయడానికి దేవుడు ఒప్పుకోడని దాని అర్థం. గోడ అవతల ఉన్నావిడని "అమ్మా, పూజకి నాలుగు పూలు కోసుకోనా?" అని అడిగామనుకోండి. చాలావరకు కాదనరు. "అలాగే, ఆ పై కొమ్మవి కూడా కోసుకో అమ్మా" అంటారు. అప్పుడు ఆ పూజలో ఇద్దరున్నట్టు.

మీరు చేసే రీల్‌లో కూడా అలా ఇంకొకరిని చేర్చుకోండి. వచ్చే పండక్కి బొమ్మ సేవ్ చేసేముందు దాని మూలన ఉన్న సంతకం ఒకసారి చదవండి. ఆ పేరు ఎవరిదో వెతకండి. ఒక మెసేజ్ పెట్టండి.

శుభం.